హీరో పక్కన ముసలి తోడా, హీరో చేతిలో దెబ్బలు తినే విలనా: ఏది మేలు?

1930, 40లలో హాలీవుడ్‌లో గంటలోపే ముగిసే చిన్న వెస్టర్న్ సినిమాలు, అంటే కౌబాయ్ సినిమాలు, వందలకొద్దీ వచ్చాయి. ఒక్కోటి వారం రోజుల్లో చుట్టేసేవాళ్లు. ఖర్చు తగ్గించడానికి పాత సినిమాల్లోని గుర్రాల ఛేజ్ షాట్లనే మళ్లీ అతికించేవాళ్లు. వాటిలో హీరోల కంటే వాళ్ల చుట్టూ ఉన్న కారెక్టర్ ఆర్టిస్టుల బతుకే నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. ఆ రోజుల్లో నేనే ఒక నటుణ్ణైతే ఏ వేషం కోరుకునేవాణ్ణి?

మొదట ముసలి తోడు వేషం. ఇందులో అందరికంటే పెద్ద పేరు జార్జ్ హేస్‌ది. నాటకాల్లో సంపాదించుకున్నది 1929 షేర్ల పతనంలో పోగొట్టుకుని, మళ్లీ పనికోసం సినిమాలకు వచ్చాడు. అప్పటికి వయసు నలభై దాటింది. గుర్రపు స్వారీ కూడా ఈ వేషాల కోసమే నేర్చుకున్నాడు. గడ్డం పెంచి, కట్టుడు పళ్లు తీసేసి, గొణుక్కుంటూ తిరిగే ముసలాయనగా పిల్లలందరికీ దగ్గరయ్యాడు. పోస్టర్ మీద హీరో పక్కనే పేరు. ఇంత ప్రేమ విలన్‌కి ఎక్కడ దొరుకుతుంది?

కానీ ఒక్క సంగతి నన్ను బాధపెడుతుంది. హోపలాంగ్ కాసిడీ అనే కౌబాయ్ హీరో సినిమాల్లో ఆయన పాత్ర పేరు 'విండీ'. 1939లో జీతం దగ్గర మాట కుదరక బయటికొస్తే, ఆ పేరు ఆయనతో రాలేదు. అది నిర్మాతల సొత్తు. రిపబ్లిక్ స్టూడియోలో 'గాబీ' అని కొత్త పేరు పెట్టుకుని, అదే ముసలాయన్ని మళ్లీ మొదలుపెట్టాడు. అన్నేళ్లు మోసిన పాత్ర మీద నటుడికి హక్కు లేకపోవడం నాకు చాలా అన్యాయంగా తోస్తుంది.

చిన్న కంపెనీల చుట్టూ తిరిగే రౌడీ వేషాల సంగతి వేరు. ఎక్కువమందికి సినిమా సినిమాకీ పని వెతుక్కోవడమే. హాలీవుడ్‌లో సన్‌సెట్, గోవర్ వీధులు కలిసేచోట కౌబాయ్ బట్టల్లో మనుషులు పనికోసం నిలబడేవాళ్లు. అందుకే ఆ మూలకి 'గోవర్ గల్చ్' అని పేరొచ్చింది (గల్చ్ అంటే కౌబాయ్ సినిమాల్లో కనిపించే ఇరుకు లోయ). రేపు పని ఉంటుందో లేదో అన్న టెన్షన్‌తో సంసారం నడపడం నావల్ల కాదు.

ఇక రాయ్ బార్‌క్రాఫ్ట్. 1943లో రిపబ్లిక్ వాళ్లు ఆయనతో పదేళ్ల కాంట్రాక్టు రాయించుకున్నారు, ముఖ్యంగా విలన్ వేషాలకే. సినిమా తర్వాత సినిమాలో దెబ్బలు తినడం, చివరికి ఓడిపోవడం. అయినా పని కోసం వీధి మూలన నిలబడాల్సిన అవసరం లేదు. నా ఓటు ఈయనకే.

ఎందుకంటే తర్వాత ఈ సినిమాలు టీవీల్లో ఎన్నిసార్లు వేసినా నటులకు వాటా దక్కలేదు. 1960లో నటులు సమ్మె చేసి సాధించుకున్న ఆ వాటా హక్కు ఆ ఏడాది నుంచి తీసిన సినిమాలకే వర్తించింది. కాబట్టి వేషం కట్టిన రోజున చేతికొచ్చిందే సంపాదన. అలాంటప్పుడు పోస్టర్ మీద పేరు కంటే క్రమం తప్పని జీతమే మేలని నా గట్టి నమ్మకం.

మన కృష్ణ 1971లో కౌబాయ్‌గా గుర్రమెక్కడానికి పదిహేడేళ్ల ముందే, 1954 నాటికి, అక్కడ ఈ చిన్న వెస్టర్న్‌ల కాలం ముగిసింది. బార్‌క్రాఫ్ట్ మాత్రం ఆగలేదు. మరుసటి ఏడాదే డిస్నీ వాళ్ల పిల్లల టీవీ సీరియల్‌లో కనిపించాడు, సెలవులకు వచ్చిన కుర్రాళ్లను చూసుకునే రాంచ్ పెద్దమనిషిగా.