గోపాలపూర్‌లో సర్ఫింగ్: సముద్రం బాగుంది, గదే ముంచింది

ఒడిశాలోని గోపాలపూర్ వెళ్ళేవాళ్ళకి ముందే చెప్తున్నాను, గది అక్కడ తీసుకోకండి. బరంపురంలో ఉండి పొద్దున్నే వెళ్ళండి, 16 కిలోమీటర్లే. మేం బీచ్‌కి దగ్గరని ఫోన్‌లో 1,400కి మాట్లాడుకుంటే, తీరా వెళ్ళాక శనివారం రేటు 2,200 అన్నాడు. రాత్రి తొమ్మిదింటికి పిల్లాణ్ణి పెట్టుకుని ఎక్కడికి పోతాం, కట్టేశాం. మర్నాడు ఒళ్ళంతా ఉప్పూ ఇసుకతో వస్తే కుళాయిలో చుక్క నీరు లేదు. మోటారు కాలిపోయిందట, బకెట్ నీళ్ళకి 50 రూపాయలట! మా బావ గట్టిగా మాట్లాడే మనిషే కాదు, అలాంటిది ఆయన కౌంటర్ దగ్గర అరిచిన అరుపుకి అక్క భయపడిపోయింది.

సర్ఫింగ్‌కి, అదే బోర్డు మీద నిలబడి కెరటంతో పాటు జారడానికి, మాత్రం వంక పెట్టడానికి లేదు. పొద్దున ఆరింటికి జనం తిరిగే బీచ్ దాటి పడవలు పెట్టిన వైపు నడిస్తే జాలర్లు తప్ప ఎవరూ లేరు. బోర్డు తెచ్చిన కుర్రాడు గంటకి 800 తీసుకున్నాడు, నేర్పించడం కూడా అందులోనే. 9 అడుగుల మెత్తటి ఫోమ్ బోర్డు, చీలమండకి తాడు. కొత్తవాళ్ళు నడుం లోతులోనే ఉండి, కెరటం విరిగాక వచ్చే నురుగు మీద నేర్చుకోవాలి. బోర్లా పడుకుని, నురుగు వెనకనుంచి తోయగానే అరచేతులు ఛాతీ పక్కన ఆనించి ఒక్క ఊపున లేవాలి, కిందకి చూస్తే పడిపోతాం. మా మేనల్లుడు పదకొండోసారికి నిలబడ్డాడు, నాలుగు సెకన్లు ఉంటాడేమో, ఒడ్డున అక్క చెప్పులు చేత్తో పట్టుకుని గెంతేసింది.

కాసేపటికి వాడు కెరటాలు లేని చోటు చూసుకుని అటు నడిచాడు, నాకూ అదే నెమ్మదిగా ఉన్నట్టనిపించింది. పడవ నీడలో వల బాగుచేసుకుంటున్న పెద్దాయన "బాబూ, అటు పోనీకండి, నీళ్ళు లోపలికి లాగేస్తాయి" అని తెలుగులోనే కేకేశాడు. అక్కడి నోలియాల, అంటే జాలర్ల, ఇళ్ళల్లో తెలుగే. చూస్తే నిజమే, చుట్టూ తెల్లగా విరుగుతుంటే అక్కడ మాత్రం నీళ్ళు నున్నగా, మట్టిరంగులో ఉన్నాయి. ఒడ్డుకి వచ్చిన నీరంతా ఆ పాయలోంచే వెనక్కి పోతుంది. లాగితే ఒడ్డుకేసి ఈదకూడదు, పక్కకి ఈది పాయ దాటాలి, బోర్డు వదలకూడదు. 800 తీసుకున్న కుర్రాడు ఈ ముక్క ఎందుకు చెప్పలేదో! మిగిలిన గంటా ఆయన మావాడి మీదే కన్నేసి ఉంచాడు, 300 చేతిలో పెట్టాను.

నేర్చుకోవడానికైతే వానాకాలం వద్దు, నైరుతి గాలులకి కెరటాలు పెద్దవవుతాయి. అక్టోబర్ తుఫాన్ల నెల, 2013లో ఫైలిన్ తీరం దాటింది అక్కడే. డిసెంబర్, జనవరి బాగుంటాయి.

స్నానానికి చివరికి ఆ పెద్దాయనే వాళ్ళ వీధి బోరింగు దగ్గరికి తీసుకెళ్ళాడు. నీళ్ళు పట్టుకుంటున్న ఆడవాళ్ళు బిందెలు పక్కకి జరిపి, ముందు పిల్లాడి తల మీద నాలుగు చెంబులు పోశారు.