కోల్డ్ స్టోరేజీ సాఫ్ట్‌వేర్ కొనేవారికి హెచ్చరిక: లాగిన్ లేకుండానే తెరుచుకున్న రైతుల ఆధార్ నకళ్లు

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలు నడిపేవారు, కమీషన్ వ్యాపారులు రికార్డుల సాఫ్ట్‌వేర్‌కు అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదవగలరు. మా వద్ద మిర్చి టిక్కీలు (బస్తాలు) దాచుకునే రైతుల ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం నకళ్లను, తూకం చీటీలను స్కాన్ చేసి ఉంచడానికి విజయవాడలోని ఒక సంస్థతో సాఫ్ట్‌వేర్ చేయించుకున్నాము. ఫైళ్లన్నీ డేటాబేస్ లోపలే ఉంటాయి కనుక బయటివారు చూడలేరని వారు చెప్పగా నమ్మాము.

అయితే డేటాబేస్‌లోని ఫైలును, లింకులో వచ్చిన నంబరు చూసి వెలికితీసి బ్రౌజరుకు అందించేది హ్యాండ్లర్ అనే చిన్న ప్రోగ్రాము. కాపలా ఉండవలసింది అక్కడ. మా గుమాస్తా ఒక రైతుకు తూకం చీటీ లింకును వాట్సాప్‌లో పంపితే, ఆయన కుమారుడు చివరనున్న 412ను 413గా మార్చి చూశాడు. వేరొకరి ఆధార్ నకలు తెరుచుకుంది. ఆ అబ్బాయి మర్యాదగా మాకే ఫోన్ చేశాడు గనుక సరిపోయింది.

మా సాఫ్ట్‌వేర్‌ను రాసిన మైక్రోసాఫ్ట్ వారి ఏఎస్పీ డాట్ నెట్‌లో ఇలాంటి హ్యాండ్లర్‌కు సెషన్, అంటే ఎవరు లాగిన్ అయ్యారో గుర్తుంచుకునే సమాచారం, దానంతట అందదు. కోడ్‌లో ఐరిక్వైర్స్‌సెషన్‌స్టేట్ వంటి ఇంటర్‌ఫేస్‌ను (సెషన్ కావాలని తెలిపే గుర్తును) జోడిస్తేనే అందుతుంది. అది తెలియని ప్రోగ్రామర్, సెషన్ ఖాళీగా వచ్చి ఎర్రర్ చూపిస్తుంటే, లాగిన్ తనిఖీ చేసే వరుసలనే తీసివేశాడని మరొకరికి కోడ్ చూపించాక తెలిసింది.

రెండో దెబ్బ మార్చిలో, లారీలు గేటు బయట బారులు తీరిన రోజున తగిలింది. ఆ సంస్థవారు వాడింది ఉచితంగా దొరికే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ 2019. అందులో ఒక్కో డేటాబేస్‌కు 10 జీబీ పరిమితి. ఒక్కో స్కాను 3 ఎంబీ చొప్పున అది నిండిపోయి, కొత్త చీటీ ఎక్కక, ఆ పూట పుస్తకంలో రాసుకున్నాము. ఫైళ్లను డిస్కులో విడిగా దాచే ఫైల్‌స్ట్రీమ్ పద్ధతి వాడి ఉంటే ఫైళ్ల పరిమాణం ఆ లెక్కలోకి వచ్చేదే కాదు. ఉచితమైనది వాడినందుకు మాకు అభ్యంతరం లేదు, పరిమితి సంగతి దాచి, నిండాక లైసెన్సు కొనమనడమే అన్యాయం.

చివరి వాయిదా చెల్లించే ముందు ఏదైనా ఫైలు లింకును కాపీ చేసి, లాగిన్ కాని మరో ఫోనులో తెరిచి చూడండి, తరువాత నంబరు మార్చి చూడండి. నంబరు బదులు పొడవాటి అక్షరాల కోడ్ పెట్టామంటే ఒప్పుకోవద్దు, ఆ లింకు చేతులు మారితే మళ్లీ అదే కథ. మేము చివరి వాయిదా ఆపి, హ్యాండ్లర్‌ను తిరిగి రాయించేవరకు సర్వర్‌ను ఇంటర్నెట్ నుంచి తప్పించి ఆఫీసు లోపలే నడుపుతున్నాము.