ఎస్కేపా, ఫ్లీయా: ఏది రాయాలి?

పోటీ పరీక్షలకు ఇంగ్లిష్ చదివే పిల్లలు పదే పదే అడిగే ప్రశ్న ఇది. రెండూ పారిపోవడమే కదా, ఏది రాసినా ఒకటే కదా అని. ఒకటి కాదు. పోలీసుల్ని చూసి పరుగందుకున్నాడు, సందు చివర దొరికిపోయాడు అనుకోండి. ఇక్కడ ‘ఫ్లెడ్’ చక్కగా కుదురుతుంది, ‘ఎస్కేప్డ్’ కుదరదు. ఫ్లీ అంటే భయంతోనో ఆపదతోనో పరుగు మొదలైందని మాత్రమే. ఎస్కేప్ అంటే బయటపడ్డాడని. నా లెక్కలో తేల్చేది ఇదే: పని పూర్తయిందా, లేదా?

1941 జనవరిలో సుభాష్ చంద్రబోస్ కలకత్తా ఎల్గిన్ రోడ్డులోని తన ఇంట్లో గృహ నిర్బంధంలో ఉన్నారు. రాత్రివేళ కాపలా కళ్లుగప్పి బయటపడి, కాబూల్ మీదుగా బెర్లిన్ చేరారు. అది ఎస్కేప్. యుద్ధం మీదికొస్తే పిల్లాజెల్లాతో ఊరు వదిలిపోయే జనానికి మాత్రం ఫ్లీ. వాళ్లు క్షేమంగా ఎక్కడికైనా చేరారో లేదో ఆ మాట చెప్పదు. అందుకే వార్త రాసేటప్పుడు నా మొగ్గు ఫ్లీ వైపే. నిందితుడు పరుగెత్తాడన్నంత వరకే మనకు తెలిసినప్పుడు అంతవరకే చెప్పాలి. దాని భూతకాలం ‘ఫ్లెడ్’, ‘ఫ్లీడ్’ కాదు. ‘ఫ్లెడ్ ది కంట్రీ’ అంటే చాలు, ‘ఫ్రమ్’ అక్కర్లేదు.

ఎస్కేప్‌తో అసలు చిక్కంతా ఆ ‘ఫ్రమ్’ దగ్గరే. ‘ఎస్కేప్డ్ ఫ్రమ్ ప్రిజన్’ అంటే జైల్లో ఉన్నవాడు తప్పించుకున్నాడు. ‘ఎస్కేప్డ్ ప్రిజన్’ అంటే మామూలుగా జైలుశిక్షే పడకుండా బయటపడ్డాడని. ఒక్క మాట తీసేస్తే మనిషి అసలు జైలుకే వెళ్లలేదు! మనం తెలుగులో ‘ప్రమాదం నుంచి తప్పించుకున్నాడు’ అంటాం కాబట్టి ఆ అలవాటుకొద్దీ ‘ఎస్కేప్డ్ ఫ్రమ్ డెత్’ అని రాసేస్తాం. ‘ఎస్కేప్డ్ డెత్’ చాలు. మీదికి రాబోయింది తప్పిపోతే ‘ఫ్రమ్’ ఉండదు. ఇరుక్కున్న చోటు నుంచి బయటపడితే ఉంటుంది. కాలుతున్న బస్సులోంచి దూకిన ప్రయాణికుడు ‘ఎస్కేప్డ్ ఫ్రమ్ ది బస్’, దెబ్బ తగలకపోతే ‘ఎస్కేప్డ్ ఇంజరీ’. పరీక్షలో బిట్లు ఇక్కడే పడతాయి, టెన్షన్‌లో పిల్లలు పొరబడేదీ ఇక్కడే.

మిగతావి క్లుప్తంగా. కట్టాల్సిన పన్ను ఎగ్గొడితే ఇవేడ్, చట్టం ఇచ్చిన వెసులుబాటుతో తగ్గించుకుంటే అవాయిడ్. వెతికేవాళ్లకు చిక్కకుండా జారిపోతే ఎలూడ్, నిద్ర రాకపోయినా అదే మాట. కేసుల్లో ‘పరారీలో ఉన్నాడు’ అని రాసేదానికి అబ్‌స్కాండ్.