వంకాయ విత్తనానికి పెద్ద కాయా, బాగా కాసిన చెట్టా: ఏది మేలు?

మా కర్నూలు వైపు సొంత విత్తనం కట్టుకునేవాళ్లు తోటలో కంటికి నదరుగా కనిపించిన పెద్ద కాయను చెట్టుకే వదిలేసి, పసుపు తిరిగాక కోసి గింజ తీస్తారు. నేను మాత్రం కాయను కాదు, చెట్టును చూసి విత్తనం పట్టమంటాను.

వంకాయలో కాయ బరువు, చెట్టుకు కాసే కాయల సంఖ్య, ఈ రెండింట్లోనూ చెట్టుకూ చెట్టుకూ తేడా బాగా ఉంటుంది, అందులో ఎక్కువ భాగం జన్యువుల వల్లే వస్తుంది కాబట్టి ఏరుకుంటూ పోతే రెండూ మారతాయి. చిక్కేమిటంటే, సాధారణంగా కాయ సైజు పెరిగేకొద్దీ సంఖ్య తగ్గుతుంది. ఏటా పెద్ద కాయనే ఏరితే చివరికి గుత్తివంకాయకు పనికిరాని రకం మిగులుతుంది, జొన్నరొట్టెలోకి గుత్తివంకాయ వండే మన ఊళ్లలో దాన్ని కొనేదెవరు?

చెట్టును ఎంచడమూ అంత తేలిక కాదు. కాలువ మొదట్లోనో, నిరుడు పెంటదిబ్బ ఉన్న చోటో ఉన్న చెట్టు ఏ జన్యువున్నా విరగకాస్తుంది. అందుకే నడిమడిలో, చుట్టూ ఉన్న చెట్లకంటే బాగున్నదాన్ని చూడండి. కోత కోతకూ మంచి కాయలు వేరుగా, పుచ్చులు వేరుగా లెక్కపెట్టండి. పూలు కూడా గమనించండి: కీలం (పువ్వు నడిమధ్య ఉండే ఆడ కాడ) కేసరాలను (దాని చుట్టూ పుప్పొడి ఉండే పసుపు కాడలను) దాటి బయటికి పొడుచుకొచ్చిన పూలే బాగా పిందె కడతాయి, పొట్టి కీలం పూలు చాలావరకు రాలిపోతాయి. తేనెటీగలు పక్క తోట పుప్పొడి తెస్తాయి కాబట్టి ఎంచిన చెట్టుకు అలాంటి మొగ్గలు విచ్చకముందే పల్చటి గుడ్డసంచి కట్టి, పిందె పడ్డాక తీసేయాలి. తర్వాతి పంటలో ఒక్కో చెట్టు గింజను ఒక్కో సాలుగా నాటితే అసలు సంగతి తేలిపోతుంది, సాలంతా బాగా కాస్తే ఆ గుణం జన్యువులదే.

ఇక హైబ్రిడ్. ఒకే సైజు కాయ, ఎక్కువ దిగుబడి, మార్కెట్‌కు లోడ్ పంపేవాళ్లకు అదే మేలు, ఏటా విత్తనం కొనాలి అంతే. దాని గింజ నాటితే తర్వాతి తరంలో పొడుగు, గుండ్రం, ఊదా, చారలు అన్నీ కలగలిసి రావచ్చు.

భాగ్యమతి లాంటి స్థిరపడిన రకంలో మాత్రం ఎంత ఏరినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు, తేడాలే లేనిచోట ఏరడానికేముంది? ఈ శ్రమంతా కలగాపులగంగా ఉన్న నాటు విత్తనం మీద పెట్టండి.