కంటి ప్రెషర్ చుక్కలు కొనేవాళ్లూ, ‘ఇదీ అదే మందమ్మా’ అంటే తీసుకోకండి

కంటి చుక్కలు కొనేటప్పుడు మనం చూసేది ఎక్స్‌పైరీ డేటు, ధర. నేనూ అంతే చూశాను. అట్ట పెట్టె మీద మూడో వరసలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న ఒక్క మాట చదవలేదు. దాంతో మా అత్తయ్య రెండు రాత్రులు పడుకోలేక, మంచం మీద ముందుకు వంగి కూర్చుని ఊపిరి కోసం అల్లాడింది. మీ ఇంట్లో నీటికాసులు, అదే గ్లాకోమా, ఉన్నవాళ్లెవరైనా ఉంటే ఇది చదవండి. వాళ్లకి ఉబ్బసం కూడా ఉంటే తప్పకుండా చదవండి.

ముందు కథ చెబుతాను, లేకపోతే షాపువాడు చేసింది ఎంత పెద్ద తప్పో అర్థం కాదు. మాది తెనాలి. సంక్రాంతి వెళ్లిన వారం, రాత్రి లైటు ఆర్పేసి టీవీ చూస్తూ అత్తయ్య తలనొప్పి అంది. కాసేపటికి కుడి కన్ను పగిలిపోతోందంది. రెండు వాంతులు. పండగ పిండివంటలు అరగలేదనుకుని సోడా ఇచ్చాం. ‘బల్బు చుట్టూ గుడి కట్టిందేమిటే, వానొస్తుందా?’ అని అడిగింది నన్ను. చందమామ చుట్టూ గుడి కట్టినట్టు దీపం చుట్టూ రంగుల వలయం కనిపిస్తోందని ఆవిడ అంత స్పష్టంగా చెప్పినా మాకు వెలగలేదు. కన్ను నొప్పి, ఎరుపు, వాంతులు, దీపం చుట్టూ గుడి, ఈ నాలుగూ కలిసొస్తే అది గ్యాస్ కాదని ఇప్పుడు తెలుసు. పొద్దున్న విజయవాడలో కంటి ఆసుపత్రికి తీసుకెళ్తే ఆ కంట్లో ప్రెషర్ 54. మామూలుగా 10 నుంచి 21 లోపు ఉండాలట.

డాక్టరుగారు మావయ్యగారికి వ్యవసాయం భాషలోనే చెప్పారు. కంట్లో నీళ్లు ఎప్పుడూ ఊరుతూనే ఉంటాయి. ఐరిస్, అంటే పాప చుట్టూ ఉండే రంగు చక్రం, దాని వెనక ఊరి, కంటిపాపలోంచి ముందుకొచ్చి, ఐరిస్‌కీ కంటి ముందుండే అద్దంలాంటి పొర కార్నియాకీ మధ్య మూలనున్న సన్నని జల్లెడ గుండా బయటికి పోతాయి. వయసు మీద పడ్డాక లెన్స్ లావెక్కి కొందరిలో ఐరిస్‌కి ఆనుకుంటుంది. నీళ్లు వెనకే నిలిచి, ఐరిస్‌ని ముందుకు తోసి, ఆ మూలని మూసేస్తాయి. చీకట్లో పాప సగం విప్పారినప్పుడు ఇలా జరిగే వీలెక్కువ. ‘తూముకి గుడ్డ అడ్డం పడింది, కాలువ మాత్రం పారుతూనే ఉంది’ అన్నారాయన. మావయ్యగారు వెంటనే ‘అయితే ముందు కాలువ కట్టెయ్యాలి కదండీ’ అన్నారు. వైద్యం కూడా సరిగ్గా అదే.

కాలువ కట్టే మందులు ప్రధానంగా మూడు. అసిటజోలమైడ్ బిళ్లలు 500 మిల్లీగ్రాములు వేశారు. అది నీళ్లు ఊరడానికి కావలసిన ఎంజైమ్‌ని ఆపుతుంది. వేసేముందు సల్ఫా మందులు పడతాయా అని అడిగారు. వేళ్లు తిమ్మిర్లెక్కుతాయి, కంగారు పడొద్దని కూడా చెప్పారు, అలాగే ఎక్కాయి. రెండోది టిమోలాల్ చుక్కలు, బీటా బ్లాకర్ అనే రకం మందు. మూడోది బ్రిమోనిడిన్ చుక్కలు. నర్సు టిమోలాల్ మూత తీస్తుండగా డాక్టరుగారు ఆగమని, ‘అమ్మా, ఆయాసం, ఉబ్బసం ఏమైనా ఉన్నాయా?’ అని అడిగారు. ఇరవయ్యేళ్ల నుంచీ ఉందన్నాం. ఆ సీసా మూత పెట్టేసి పక్కన పెట్టారు. ఆ ఒక్క ప్రశ్న గుర్తు పెట్టుకోండి.

ఈసీజీ, క్రియాటినిన్ చూశాక మానిటాల్ 20 శాతం సెలైన్ 300 మిల్లీలీటర్లు ముప్పావు గంటలో ఎక్కించారు. ఇది రక్తాన్ని చిక్కబరిచి, కంటి వెనక భాగంలోని జెల్లీ నుంచి నీటిని లాగేస్తుంది. గుండె, కిడ్నీ బలహీనంగా ఉంటే ప్రమాదం, అందుకే ముందు ఆ పరీక్షలు. పాపని ముడిచి ఐరిస్‌ని మూల నుంచి లాగే పైలోకార్పిన్ చుక్కలు మాత్రం వెంటనే వెయ్యలేదు. ప్రెషర్ అంత ఎక్కువున్నప్పుడు ఐరిస్ కండరానికి రక్తం సరిగా అందక అది ముడుచుకోదట, ప్రెషర్ కాస్త దిగాకే పనిచేస్తుందట. రెండు గంటలకి 54 కాస్తా 31, మర్నాటికి 18. కార్నియా తేటపడ్డాక లేజర్‌తో ఐరిస్‌కి చిన్న కన్నం వేశారు, నీళ్లు పాపతో పని లేకుండా పోవడానికి. రెండో కంటికీ ఇదే ముప్పు ఉంటుందని దానికీ వేశారు. అంతా సవ్యంగా జరిగింది. కుడి కంట్లో ప్రెషర్ ఇంకొంచెం తగ్గాలని బ్రిమోనిడిన్ ఒక్కటే పొద్దున్న, రాత్రి వెయ్యమన్నారు. చీటీ కింద ‘ఉబ్బసం ఉంది, బీటా బ్లాకర్ వద్దు’ అని ఎర్ర ఇంకుతో రాశారు.

ఇప్పుడు అసలు సంగతి.

నెల తిరిగేసరికి 5 మిల్లీలీటర్ల సీసా అయిపోయింది. మా ఆయన ఫోన్లో చీటీ ఫోటో చూపించి మా ఊళ్లోనే ఒక షాపులో కొనుక్కొచ్చారు. ఫోటోలో ఎర్ర ఇంకు గీత సగమే పడింది, అది మా తప్పు, ఒప్పుకుంటాను. కానీ మందు పేరు స్పష్టంగానే ఉంది. కౌంటర్లో కుర్రాడు ‘ఆ కంపెనీ స్టాక్ లేదు సార్, ఇదీ అదే మందు, ఇంకా పవర్. ఇందులో రెండు మందులున్నాయి’ అని 130 రూపాయలు ఎక్కువ తీసుకుని మరీ ఇచ్చాడు. రెండు మందులంటే బ్రిమోనిడిన్‌తో పాటు టిమోలాల్ 0.5 శాతం. ఆసుపత్రిలో మూత పెట్టేసిన ఆ సీసాలోదే.

మొదటి రాత్రి పొడి దగ్గు. చలిగాలి అనుకున్నాం. రెండో రాత్రి పిల్లికూతలు. ఆవిడ ఎప్పుడూ వాడే సాల్బుటమాల్ పఫ్ రెండుసార్లు, మూడుసార్లు పీల్చినా దిగలేదు. అది ఎందుకు దిగలేదో తర్వాత తెలిసి నాకు చెమటలు పట్టాయి. ఊపిరితిత్తుల్లో గొట్టాలు తెరుచుకోవడానికి సాల్బుటమాల్ ఏ తాళం తియ్యాలో, సరిగ్గా ఆ తాళం కప్పనే టిమోలాల్ మూసి కూర్చుంటుంది. అంటే జబ్బు తెచ్చిందీ ఆ చుక్కే, విరుగుడుని పనిచెయ్యకుండా చేసిందీ ఆ చుక్కే.

కంట్లో వేసింది ఊపిరితిత్తులకి ఎలా పోతుందని మీకు అనుమానం రావచ్చు. చుక్క వేశాక గొంతులో చేదు తగలడం చూశారా? కంటి లోపలి మూలనుంచి ముక్కులోకి సన్నని గొట్టం ఉంది. చుక్కలో కంట్లో నిలిచేది కొంతే, మిగిలింది ఆ గొట్టం గుండా ముక్కులోకి దిగి రక్తంలో కలుస్తుంది. మింగిన బిళ్ల ముందు కాలేయం దాటాలి, ఇది ఆ గడప తొక్కకుండానే పోతుంది. అందుకే ఏ చుక్క వేసినా కన్ను మూసి, ముక్కు పక్కన ఆ మూలని వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టమంటారు. రక్తంలోకి పోయేది తగ్గుతుంది. అయితే ఉబ్బసం ఉన్నవాళ్లు ఇలా నొక్కి టిమోలాల్ వాడొచ్చని మాత్రం అనుకోకండి.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు నెబ్యులైజర్ పెడుతూ ‘కొత్త మందులేమైనా మొదలుపెట్టారా?’ అని అడిగితే లేదన్నాం. కంటి చుక్కల్ని మందుగా లెక్కెయ్యం కదా మనం! బీపీ బిళ్లల కోసం సంచీ తిరగేస్తుంటే ఈ పెట్టె కింద పడింది. లైటు కింద పెట్టి చదివితే మూడో వరసలో ఉంది ఆ పేరు. అప్పటికప్పుడు ఫోన్లో కంటి డాక్టరుగారిని అడిగి అది మాన్పించి, పాత మందే విజయవాడ నుంచి తెప్పించాం. నాలుగు రోజుల్లో ఆయాసం తగ్గింది. ప్రెషర్ మళ్లీ చూపిస్తే 17.

షాపుకెళ్లి అడిగితే ‘కంట్లో చుక్కకి ఆయాసం వస్తుందా మేడమ్?’ అని నవ్వాడు. వాడి నవ్వు చూసే ఇదంతా రాస్తున్నాను. సీసా విప్పారు కాబట్టి వాపసు లేదన్నాడు. కానీ 1945 నాటి ఔషధ నియమాల ప్రకారం షెడ్యూల్ హెచ్ మందులకి, అంటే డాక్టరు చీటీ మీదే అమ్మాల్సినవాటికి, చీటీలో రాసింది తప్ప వేరేది బదులుగా ఇవ్వకూడదు. పైపూత మందులకి మినహాయింపు ఉన్నా కంటి మందులకి లేదు. బిల్లు, పెట్టె, చీటీ జత చేసి డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌కి ఫిర్యాదు ఇచ్చాను. చూడాలి.

టిమోలాల్ చెడ్డ మందని నేననడం లేదు. 1978 నుంచీ వాడుకలో ఉంది, ఎన్నో కళ్లని కాపాడింది. మా పక్కింటి మాస్టారు ఏళ్ల తరబడి అదే వేసుకుంటున్నారు, ఆయనకి గుండె, ఊపిరి రెండూ బాగున్నాయి కాబట్టి సరిపోయింది. ఉబ్బసం ఉన్నా, గుండె బాగా నెమ్మదిగా కొట్టుకునే జబ్బున్నా డాక్టరుకి ముందే చెప్పండి. ఇప్పటికే వాడుతూ ఉంటే ఇది చదివి మీ అంతట మీరు మానెయ్యకండి, ప్రెషర్ మళ్లీ ఎగబాకితే కన్ను పోతుంది. ఫోన్ చేసి అడగండి.

కొనేటప్పుడు కంపెనీ పేరు వదిలేసి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేర్లన్నీ చదవండి. కొన్ని బ్రాండ్ల పేరు చివర ఒక్క ‘టి’ తగిలిస్తే టిమోలాల్ కలిసినట్టే. మూత రంగు చూసి గుర్తుపట్టొచ్చనుకోకండి. చీటీ ఫోటో తీస్తే పూర్తిగా తియ్యండి, మాలాగా కాదు.

అత్తయ్యకి ఇంగ్లిష్ రాదు. ఇప్పుడు జలుబు బిళ్ల కొన్నా సరే, కౌంటర్ మీదికి వంగి ‘ఇందులో తిమ్మలాలు లేదు కదా నాయనా?’ అని అడుగుతోంది. కుర్రాళ్లు నవ్వుతున్నారు. నవ్వనీ అంటుంది.