టాంజానియా సఫారీ: ముందు నెల, తర్వాతే ప్యాకేజీ

టాంజానియాకు పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుందా అంటే, అవుతుంది. అయితే ఏ నెలలో ఏ మూలకు వెళ్లాలో ముందే తేల్చుకున్నవాళ్లకే. సెరెంగెటి పార్కు ఒక్కటే 14,763 చదరపు కిలోమీటర్లు. కెన్యావైపు దాన్ని ఆనుకుని ఉన్న మసాయి మారా రిజర్వు సుమారు 1,510. ఇంత విశాలమైన చోట ‘సెరెంగెటిలో రెండు రాత్రులు’ అని మాత్రమే రాసిచ్చిన ప్యాకేజీ ఏమీ చెప్పనట్టే. క్యాంపు దక్షిణానా, నడుమ సెరొనెరాలోనా, ఉత్తరానా అని అడిగి రాయించుకోండి.

పదమూడు లక్షలకు పైగా వైల్డ్‌బీస్టులు (ఎద్దుల్లా కనిపించే పెద్ద జింకలు), వాటితో లక్షల జీబ్రాలు వానను, పచ్చికను వెతుక్కుంటూ ఏడాదంతా తిరుగుతూనే ఉంటాయి. జనవరి ఆఖరు నుంచి మార్చి మొదలు దాకా మంద దక్షిణాన న్డుటు మైదానాల్లో ఈనుతుంది. దూడ పుట్టిన నిమిషాల్లోనే లేచి నిలబడి తల్లి వెంట పరుగు తీస్తుంది. సింహాలు, చీటాలు, దుమ్ములగొండ్లు అక్కడే కాచుకుని ఉంటాయి కాబట్టి వేట చూడాలంటే ఇదే అదను. ఏప్రిల్, మే నెలల్లో పెద్ద వానలు. ధరలు తగ్గుతాయి గానీ నల్లరేగడిలో బండ్లు దిగబడతాయి, చాలా క్యాంపులు మూసేస్తారు. జూలై నుంచి అక్టోబరు దాకా మంద ఉత్తరాన కోగాటెండే దగ్గర మారా నది దాటుతుంది.

నది దాటడం మనం చెప్పిన వేళకు జరగదు. మంద ఒడ్డుకు వస్తుంది, ముందున్నవి నీళ్లు వాసన చూస్తాయి, మొసలి కదిలినా, జీబ్రా బెదిరినా మొత్తం వెనక్కి మళ్లుతుంది. ఇలా గంటల తరబడి సాగి, ఒక్కటి దూకిందంటే మిగతావన్నీ దాని వెనకే దూకుతాయి. అందుకే ఉత్తరాన మూడు రాత్రులకు తక్కువ పెట్టుకోవద్దు. బండిని ఒడ్డు దాకా తోలమని డ్రైవరును తొందరపెట్టకండి. దిగే దారికి బండ్లు అడ్డమొస్తే మంద దాటకుండానే వెళ్లిపోతుంది.

గొరొంగొరో పూర్తిగా వేరే అందం. కూలిన అగ్నిపర్వతం నోరు అది: సుమారు 600 మీటర్ల లోతు, అడుగున 260 చదరపు కిలోమీటర్ల నేల. ఒక్క పూటలో సింహాలు, ఏనుగులు, అడవిదున్నలు, అదృష్టం ఉంటే నల్ల ఖడ్గమృగం కనిపిస్తాయి. ఖడ్గమృగం చాలాసార్లు దూరాన చుక్కలా ఉంటుంది కాబట్టి మనిషికో 8x42 బైనాక్యులర్స్ ఉండాలి. జిరాఫీలు మాత్రం లోపల ఉండవు, వాటిని పైన అడవిలో చూడాల్సిందే. తెల్లవారగానే దిగితే రద్దీ ఉండదు. అంచు 2,300 మీటర్ల ఎత్తు, జూన్ నుంచి ఆగస్టు దాకా రాత్రిళ్లు వణికిస్తుంది. మధ్యాహ్నం గోయిటొకిటొక్ మడుగు దగ్గర భోజనాలకు ఆపుతారు. అక్కడ గద్దలు నేరుగా చేతిలోని ముద్ద మీదికే దిగుతాయి, గోళ్లు గీరుకుంటాయి. బండిలో కూర్చునే తినండి.

ఖర్చు లెక్క తప్పేది పార్కుల రుసుముల దగ్గరే. సఫారీలు బయల్దేరే అరూషా ఊరి నుంచి సెరెంగెటికి రోడ్డున వెళ్లే మామూలు దారి గొరొంగొరో మీదుగానే కాబట్టి వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ దాని రుసుము కట్టాలి. బిలం లోపలికి దిగడానికి బండికి పన్నుతో కలిపి 295 డాలర్లు విడిగా. టికెట్లు 24 గంటల లెక్క. సెరెంగెటి నాబి హిల్ గేటులో మధ్యాహ్నం రెండింటికి లోపలికి వెళ్తే, బయటికొచ్చే రోజునా రెండింటిలోపే దాటాలి. ఆలస్యమైతే మరో రోజు రుసుము. ఇవన్నీ, 18 శాతం వ్యాట్‌తో సహా, కొటేషన్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి.

అరూషా నుంచి సెరొనెరా ఏడెనిమిది గంటల ప్రయాణం. గొరొంగొరో దాటాక మట్టిరోడ్డు గతుకులు ఒళ్లు హూనం చేస్తాయి. పెద్దవాళ్లుంటే ఒకవైపైనా చిన్న విమానం మంచిది. అందులో సామాను మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగులో. బండి పైకప్పు లేచే ల్యాండ్‌క్రూయిజర్ కావాలి, అందరికీ కిటికీ సీటు ఉండాలి.

జూలై నుంచి అక్టోబరు మధ్య వెళ్తే తరంగిరె పార్కును వదలకండి. ఎండకు చెలమలన్నీ ఇంకిపోయి ఏనుగుల గుంపులు నది చుట్టూ చేరతాయి. గోల్కొండ నయాఖిలాలోని హాతియాన్ కా ఝాడ్ అనే పెద్ద చెట్టు చూసినవాళ్లకు తరంగిరెలోని బావోబాబు చెట్లు కొత్తగా అనిపించవు, రెండూ ఒకే జాతి. ఏనుగులు కరువులో దంతాలతో వాటి బెరడు చీల్చి, నీరున్న పీచు నమిలి తింటాయి. ఆ గాట్లు మాను మీద ఇంకా కనిపిస్తాయి. కుట్టే ట్సెట్సీ ఈగలు ఇక్కడ ఎక్కువ. నీలం, నలుపు రంగులకు వస్తాయి, ఖాకీ బట్టలు మేలు.

శాకాహారులు మాంసం, చేప, గుడ్డు ఏవీ వద్దని విడివిడిగా రాసి చెప్పాలి. లంచ్‌బాక్సులు తెల్లవారకముందే కట్టేస్తారు, అప్పుడు చెప్పి లాభం లేదు. పచ్చడి, పొడులు గట్టి డబ్బాల్లో తీసుకెళ్లండి. 2019 జూన్ నుంచి టాంజానియాలో ప్లాస్టిక్ క్యారీబ్యాగులు నిషేధం.

కెన్యా కలిపి వెళ్లేవాళ్లకు ఎల్లో ఫీవర్ టీకా కార్డు తప్పనిసరి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. అది లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టొచ్చు.

చివర జాంజిబార్ దీవిలో మూడు రోజులు చాలు. 2024 అక్టోబరు నుంచి అక్కడ దిగే విదేశీయులకు 44 డాలర్ల ప్రభుత్వ బీమా తప్పదు, మన ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉన్నా సరే. ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. స్వాహిలీలోనూ దాన్ని ‘బిమా’ అనే అంటారు.