మూత తీస్తే మాత్ర వేసుకున్నట్టే లెక్క: యాప్ ఉన్న మందుల డబ్బా కొనబోయేవాళ్లకు హెచ్చరిక

పెద్దవాళ్లు ఊళ్లో, పిల్లలు మరో నగరంలో ఉండే ఇళ్లకు ఇప్పుడు అరలున్న మందుల డబ్బా ఒకటి అమ్ముతున్నారు. దానికి ఒక యాప్ ఉంటుంది. అమ్మానాన్నలు మందులు వేసుకున్నారో లేదో ఫోనులోనే చూసుకోవచ్చని ప్రకటన. కొనేముందు ఒక్క ప్రశ్న అడగండి: మాత్ర నోట్లో పడిందని ఆ డబ్బాకు ఎలా తెలుస్తుంది? మేం కొన్నదానికి తెలియదు. మూత తెరుచుకుందని మాత్రమే దానికి తెలుసు.

తెనాలిలో ఉండే మా అత్తగారి కోసం తెప్పించాం. ఆవిడకు షుగరు, బీపీ, థైరాయిడ్ మూడింటికీ మాత్రలున్నాయి. వేళకు డబ్బా మోగుతుంది. మూత తీస్తే గానీ మోత ఆగదు. పనిమనిషి ఆ గోల భరించలేక మూత తీసి మూసినా యాప్‌లో పచ్చ టిక్కు పడుతుంది. శనివారం ఉపవాసమని అత్తగారు మాత్రలన్నీ పక్కన పెట్టినా పచ్చ టిక్కే. నెల తిరిగేసరికి నివేదికలో దాదాపు నూటికి నూరు!

హెచ్‌బీఏ1సీ మాత్రం పెరిగింది. అది రెండు మూడు నెలల షుగరు సగటు చెప్పే పరీక్ష, ముందురోజు తిన్న మిఠాయి మీదికి నెట్టేయడానికి లేదు. డాక్టరుగారు యాప్ నివేదిక చూసి, మందు చాలడం లేదనుకుని షుగరు తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర మోతాదు పెంచబోయారు. ‘శనివారాలు నేనేమీ వేసుకోనండీ, రాత్రి మాత్ర కూడా అప్పుడప్పుడు మరిచిపోతాను’ అని అత్తగారే చెప్పారు కాబట్టి ఆగారు. నా కోపమంతా ఇక్కడే. డబ్బు పోతే పోయింది. దొంగలెక్క నమ్మి ఆ మందు పెంచితే, అన్నీ సరిగ్గా వేసుకున్న రోజున షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు.

శాతం లెక్కకట్టే పద్ధతి ఇంకా ఘోరం. మూత ఎన్నిసార్లు తెరుచుకుందో మొత్తం కూడి, తెరవాల్సిన సంఖ్యతో భాగిస్తున్నారు. పొద్దున మూడుసార్లు తెరిస్తే, రాత్రి అసలు తెరవని లోటు అందులో కలిసిపోతుంది. దీర్ఘకాలిక జబ్బులకు మందులు సరిగ్గా వాడుతున్నారని అనడానికి పరిశోధకులు సాధారణంగా పెట్టుకునే గీత 80 శాతం. అయితే అది మందు చేతిలో ఉన్న రోజుల లెక్క, మూత చప్పుళ్ల లెక్క కాదు.

మూతలో చిప్పు పెట్టడం కొత్త విద్యేమీ కాదు. మందుల పరిశోధనలో దశాబ్దాలుగా అలాంటి సీసాలు వాడుతున్నారు. వాటి లెక్కను మాత్రల లెక్కింపుతోనో రక్తపరీక్షతోనో సరిచూడటం కూడా మామూలే. మన దేశంలో క్షయ రోగులకు 99డాట్స్ అని ఒక పద్ధతి వచ్చింది. మాత్రను నొక్కి బయటికి తీస్తే అట్ట వెనక దాగిన ఫోను నంబరు కనిపిస్తుంది, దానికి కాల్ చేస్తే ఆ రోజు మందు వేసుకున్నట్టు నమోదవుతుంది. రోగుల ఇళ్లకు చెప్పకుండా వెళ్లి మూత్రపరీక్ష చేసి చూస్తే, ఆ నమోదు కూడా అంత నమ్మదగినదిగా తేలలేదు. అమెరికాలో 2017లో ఏకంగా కడుపులోంచి సంకేతం పంపే మాత్రకే అనుమతి ఇచ్చారు. దీనివల్ల రోగులు మందులు మరింత క్రమంగా వేసుకుంటారని రుజువు కాలేదని దాని సమాచారపత్రంలోనే రాశారు. ఇక్కడ డబ్బా అమ్మేవాళ్లకు మాత్రం ఏ సందేహమూ లేదు.

అట్టలోంచి తీసి అరల్లో పోయకూడని మందుల గురించి దాని పుస్తకంలో ఒక్క ముక్క లేదు. రక్తం గడ్డకట్టకుండా వాడే డాబిగాట్రాన్ తేమ తగిలితే పాడవుతుంది, దాని అట్టలోనో సీసాలోనో ఉండాల్సిందే. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణాంతకం. మేం కొన్న డబ్బాకు వారం మోత పెట్టే వీలే లేదు, రోజూ మోగాల్సిందే.

ఇంతకన్నా మందుల షాపు బిల్లులు నయం. రోజుకు రెండు చొప్పున 90 రోజులకు 180 మాత్రలు కావాలి. బిల్లుల్లో 120 కనిపిస్తే, మిగతా 60 కొననేలేదన్నమాట. కొన్నవన్నీ వేసుకున్నారని దీనివల్ల తేలదు, కానీ కొననివి వేసుకోలేదని కచ్చితంగా తేలుతుంది. ఇంట్లో మిగిలిన అట్టలు కూడా లెక్కపెడితే ఇంకొంచెం స్పష్టత వస్తుంది. పరీక్షకు వెళ్లే వారం ముందు అందరూ బుద్ధిగా మాత్రలు వేసుకుంటారు కాబట్టి ఆ వారం చూసి మురిసిపోవద్దు.

డబ్బా వెనక్కి తీసుకోమంటే ‘ఆరోగ్య వస్తువు, సీలు తీశాక వాపసు లేదు’ అన్నారు. ప్రకటన స్క్రీన్‌షాట్ తీసి, 1915 జాతీయ వినియోగదారుల సహాయవాణిలో ఫిర్యాదు పెట్టాను. ఇప్పటికే కొన్నవాళ్లు మరొకటి చూసుకోండి: నెలవారీ నివేదిక కావాలంటే చందా కట్టాలి, యాప్ తీసేసినంత మాత్రాన ఆ చందా ఆగదు. మీ యూపీఐలో ఆటోపే విభాగం తెరిచి అక్కడ విడిగా రద్దు చేయాలి. మాకు రెండో నెల డబ్బు కూడా అలాగే కోశారు.